కొర్రలకు మారినా కాటా కదల్లేదేం?

సందేహాలు – సమాధానాలు

ఈసారి కర్నూలు, కడప వైపు నుంచి వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒంటి బరువు గురించే. పెళ్ళిళ్ళ ముహూర్తాలు ముగిశాయి కాబోలు, అందరికీ ఒకేసారి కాటా గుర్తొచ్చింది. ఒకే ప్రశ్న నలుగురైదుగురు అడిగినచోట, వివరంగా రాసిన ఒక్క ఉత్తరాన్నే తీసుకున్నాను. పేర్లు వేయవద్దని ఎక్కువమంది కోరారు కాబట్టి ఎవరివీ వేయడం లేదు.

సందేహం: నాకు నలభై రెండేళ్ళు, బరువు 76 కిలోలు. చిరుధాన్యాలు తినమని చెప్పే ఖాదర్ వలీ గారు మా ఊరాయనే కదా అని మా వీధిలో నాలుగైదు ఇళ్ళవాళ్ళం బియ్యం మానేసి కొర్రలు, సామలు, అరికెలు తింటున్నాం. నాలుగు నెలలైంది. మలబద్ధకం పోయింది. బరువు మాత్రం ఒక్క కిలో కూడా తగ్గలేదు. మా అత్త "మేమంతా కొర్రబువ్వే తిని బతికినాం, మాలో ఎవురికన్నా పొట్టలుండ్యానా?" అంటుంది. నేనెక్కడ తప్పుతున్నాను డాక్టరు గారూ?
– ఒక గృహిణి, ప్రొద్దుటూరు

సమాధానం: మీ అత్తగారి మాట నిజమేనమ్మా. కాకపోతే ఆ కొర్రలు రోట్లో దంచింది ఆమే, రాగులు విసిరింది ఆమే. చేన్లో కలుపు తీసి, బావి నుంచి బిందెలు మోసి, పొద్దుగూకేసరికి కట్టెల మోపు తెచ్చింది కూడా ఆమే. కేసీ కాలువ కిందా, చెరువుల కిందా తప్ప సీమలో వరి ఎక్కడిది? మెట్ట పల్లెల్లో వరిబువ్వ అంటే పండగ తిండి. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇవ్వడం మొదలుపెట్టాక అది రోజువారీ తిండిగా మారడం వేగమందుకుంది. ఆ తర్వాతే మిక్సీ వచ్చింది, ఇంట్లోకి కొళాయి వచ్చింది, గ్యాసు పొయ్యి వచ్చింది. బియ్యం వల్లే లావయ్యామని మనం తిట్టుకుంటున్న ఈ నలభై ఏళ్ళలోనే ఒంటికి పని కూడా తప్పిపోయింది. మీరు పాత తిండిని వెనక్కి తెచ్చుకున్నారు, పాత పని రాలేదు. రావాలని నేను కోరను కూడా. రోజంతా రోకటి పోటు వేసిన ఆడవాళ్ళ నడుములు, భుజాలు ఎలా అరిగిపోయాయో నా గదికి వచ్చే ముసలమ్మలను చూస్తే తెలుస్తుంది.

ఇక లెక్క. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పాత పట్టికలు ఏళ్ళ తరబడి అందరం వాడుతూ వచ్చినవే. వాటి ప్రకారం వంద గ్రాముల బియ్యంలో 345 క్యాలరీలుంటే కొర్రల్లో 331, సామల్లో 341. జొన్నల్లో 349, సజ్జల్లో 361, అంటే బియ్యం కంటే ఎక్కువే. బియ్యానికీ కొర్రలకూ మధ్య తేడా 14 క్యాలరీలు. తాళింపులో ఒక చిన్న చెంచా నూనె ఎక్కువ పడితే 40 చేరిపోతాయి. బియ్యం మార్చి గంటె మార్చకపోతే కాటా ఎందుకు కదులుతుంది?

కొర్రల గొప్పదనం క్యాలరీల్లో లేదు, పీచులో ఉంది. మీ మలబద్ధకం పోయింది దాని వల్లే. పీచున్న తిండి మెల్లగా అరుగుతుంది, ఆకలి తొందరగా వేయదు. ఆకలి వేయనప్పుడు తక్కువ తింటే బరువు తగ్గుతుంది. "ఇది ఆరోగ్యమే కదా" అని ఇంకో గంటె వేసుకుంటే తగ్గదు. చాలా ఇళ్ళల్లో జరుగుతున్నది ఈ రెండోదే. అంగడిలో తెల్లగా మెరిసే కొర్రలు దొరుకుతున్నాయి చూడండి, వాటిని బాగా పాలిష్ పట్టారు. ముతకగా, కొంచెం ముదురు రంగులో ఉన్నవే కొనండి. ఖాదర్ వలీ గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. మూలన పడ్డ ధాన్యాలను మళ్ళీ వంటింట్లోకి తెచ్చిన ఘనత ఆయనకు ఇవ్వాల్సిందే. నంద్యాల పరిశోధన స్థానం సూర్యనంది లాంటి మంచి కొర్ర వంగడాలు ఇచ్చింది, కొనేవాళ్ళుంటేనే కదా రైతు వాటిని వేసేది. అయితే ఏ ధాన్యమైనా సర్వరోగ నివారిణి అనే మాట నా నోటి వెంట రాదు.

మీరు చేయాల్సింది ఇది. పూటకు ఒకరికి అర గ్లాసు కొర్రలు, అంతకు మించవద్దు. పళ్ళెంలో సగం కూరగాయలూ ఆకుకూరలూ ఉండాలి. మిగతా సగంలోనే కొర్రబువ్వా, పప్పూ సర్దుకోవాలి. మన సీమలో పళ్ళెం నిండా ధాన్యం ఉంటుంది, కూర నంజుకోవడానికి ఉంటుంది. అది తలకిందులు కావాలి. తర్వాత నూనె సంగతి. నలుగురున్న ఇంటికి నెలకు మూడు లీటర్లు చాలు. మీ ఇంట్లో ఎంత అవుతుందో కిరాణా చీటీ చూసుకోండి, ఐదు కిలోల డబ్బా నెల తిరక్కుండానే అయిపోతుంటే మీ ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది. చెనిక్కాయలు మంచివే, కానీ వంద గ్రాముల్లో 560 దాటి క్యాలరీలున్నాయి. పొద్దున దోశలోకి చెనిక్కాయల చట్నీ, మధ్యాహ్నం సంగటిలోకి ఊరిబిండి, సాయంత్రం వేయించినవి గుప్పెడు... మూడూ ఒకే రోజు వద్దు. నీరసం, నెలసరి తేడాలు ఉంటే ఒకసారి థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి.

సందేహం: వయసు 27, ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 84. ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ పని. పొద్దున ఉగ్గాని బజ్జీ, వారంలో మూడు నాలుగు రాత్రులు బిర్యానీ, దాంతో కూల్‌డ్రింకు. జిమ్‌లో చేరితే ట్రైనరు ఉగ్గాని పూర్తిగా మానెయ్యమన్నాడు, కొవ్వు కరిగించే పొడి డబ్బా కొనమన్నాడు. ఉగ్గాని మానడం నా వల్ల కాదు సార్.
– సి-క్యాంప్, కర్నూలు

సమాధానం: కర్నూల్లో ఉంటూ ఉగ్గాని మానమంటే ఎవరు వింటారు తమ్ముడూ! ఉగ్గాని పాపం చేసిందేమీ లేదు. బొరుగులు నానితే పళ్ళెం నిండుగా కనిపిస్తాయి గానీ తూకం తక్కువ, పైన చల్లే పుట్నాల పొడిలో కాస్త మాంసకృత్తులూ ఉన్నాయి. తంటా పక్కనున్న బజ్జీలతో. ఇంట్లో రెండు చెంచాల నూనెతో ఉగ్గాని చేసుకుని, బజ్జీల చోట రెండు ఉడకబెట్టిన గుడ్లు పెట్టుకో. ఆదివారం మాత్రం రెండు బజ్జీలు తిను, నాకు అభ్యంతరం లేదు.

నిన్ను లావు చేస్తున్నది పొద్దుటి తిండి కాదు, రాత్రి తొమ్మిది తర్వాతి తిండి. హోటలు బిర్యానీ పొట్లం ఇద్దరి తిండి. 300 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకు సీసాలో 30 గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది. జాతీయ పోషకాహార సంస్థ ఒక మనిషికి రోజు మొత్తానికి చెప్పే హద్దును ఆ ఒక్క సీసాయే దాటేస్తుంది. కూల్‌డ్రింకు ఈరోజే మానెయ్. బిర్యానీ వారానికి ఒక్కసారి, అదీ మధ్యాహ్నం, సగం పొట్లం, ఎర్రగడ్డలూ పెరుగూ ఎక్కువ వేసుకుని. ఈ రెండు మార్పులతోనే మొదటి రెండు నెలల్లో తేడా కనిపిస్తుంది.

జిమ్ మానొద్దు. అయితే దాని నుంచి ఏం ఆశించాలో తెలుసుకో. నీ బరువున్నవాడు అరగంట చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది 150 క్యాలరీలు, నాలుగు బజ్జీల్లో అంతకు ఎంతో ఎక్కువ ఉంటుంది. బరువు తగ్గించేది ముఖ్యంగా తిండి. తగ్గిన బరువు తిరిగి రాకుండా, కండ కరిగిపోకుండా కాపాడేది వ్యాయామం. కాబట్టి బరువులు ఎత్తు, వారానికి రెండు మూడు రోజులు. ఆ పొడి డబ్బా కొనొద్దు. అలాంటి చాలావాటిలో పనిచేసేదంటూ ఏదైనా ఉంటే అది కెఫీనే, దానికి కాఫీ చాలు. నీ ఎత్తుకు 84 అంటే బీఎమ్‌ఐ 29, మనవాళ్ళకు 25 దాటితే స్థూలకాయం కిందే లెక్క. 65కి రావాలని పెట్టుకోకు. మొదట 78. వారానికి అర కిలో చొప్పున మూడు నెలలు పట్టినా సరే. ఆ పొడి డబ్బులతో ఒక మంచి కుర్చీ కొనుక్కుని, ఫోను మోగినప్పుడల్లా దాన్నుంచి లేచి నడుస్తూ మాట్లాడు.

సందేహం: నాకు 51 ఏళ్ళు. పత్తి మండీలో లెక్కలు రాస్తాను. ఎత్తు ఐదడుగుల ఐదు, బరువు 62 మాత్రమే. సన్నగానే ఉన్నాను, కాళ్ళూ చేతులూ సన్నం, కొంచెం పొట్ట తప్ప. పరగడుపున షుగర్ 112 వచ్చింది. సన్నగా ఉన్నవాళ్ళకు కూడా షుగర్ వస్తుందా? నేనూ బరువు తగ్గాలా?
– ఆదోని

సమాధానం: ఆ "కొంచెం పొట్ట" ఎంతో టేపుతో కొలిచారా? ప్యాంటు సైజు చెప్పకండి, మగవాళ్ళు ప్యాంటును పొట్ట కిందికి జార్చి అదే సైజు ఇరవై ఏళ్ళు వాడతారు. బొడ్డు దగ్గర, ఊపిరి వదిలి కొలవండి. మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 దాటితే ప్రమాదం మొదలైనట్టే.

2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక ఫోటో వచ్చింది. పుణేకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ యుడ్కిన్ పక్కపక్కనే నిలబడ్డారు. ఇద్దరి బీఎమ్‌ఐ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, మన యాజ్ఞిక్‌కు 21.2 శాతం. మీ బీఎమ్‌ఐ కూడా దాదాపు అంతే. కాటా మీద సన్నగా కనిపిస్తూ లోపల, ముఖ్యంగా కడుపులో, కొవ్వు దాచుకునే ఒంటి తీరు మనవాళ్ళలో చాలా ఎక్కువ. పరగడుపు షుగర్ 100 నుంచి 125 మధ్య ఉంటే ఇంకా జబ్బు కాదు, గడప దగ్గరికి వచ్చినట్టు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష కూడా చేయించండి.

బరువు తగ్గాలా అంటే, కిలోల కోసం మీరు తిండి తగ్గించుకోవద్దు. ఉన్న కాస్త కండ కూడా పోతుంది. చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం ఇలా గడప దగ్గరున్నవాళ్ళ మీద చేసిన అధ్యయనం 2006లో వెలువడింది. తిండి మార్చుకుని, నడక పెంచుకున్నవాళ్ళలో షుగర్ జబ్బు రావడం 28 శాతానికి పైగా తగ్గింది. విశేషమేమిటంటే వాళ్ళ బరువు పెద్దగా తగ్గలేదు. కాటా కదలకపోయినా లోపల మేలు జరిగిందన్నమాట. మీలాంటి వాళ్ళకు నేను తరచూ చెప్పే సంగతి ఇది.

మండీలో టీ సంగతి మీరు రాయలేదు, నేనే అడుగుతున్నా. బేరానికొక టీ చొప్పున రోజుకు ఆరు, ఒక్కోదాంట్లో రెండు చెంచాల చక్కెర అనుకుంటే 60 గ్రాములు. రెండు టీలకు దిగండి, చక్కెర సగం చేయండి. అన్నం తిన్న ప్రతిసారీ పది పదిహేను నిమిషాలు నడవండి. భోజనం కాగానే పెరిగే షుగర్‌ను అణచడానికి అంత తేలికైన మార్గం ఇంకొకటి లేదు. చిన్నప్పుడు తాలింఖానాలో దండీలు, బస్కీలు తీసి ఉంటే అవే మళ్ళీ మొదలుపెట్టండి. దండీలు గోడకు చేతులానించి, బస్కీలు సగం దాకా కూర్చుని. పప్పు, గుడ్డు, పెరుగు రోజూ ఏదో ఒక రూపంలో పళ్ళెంలో ఉండాలి.

సందేహం: వయసు 38, బరువు 81, మోకాళ్ళ నొప్పి. డాక్టరు నడవమన్నారు. మా కడప ఎండలు మీకు తెలుసు కదా. పైగా వీధిలో నడుస్తుంటే తెలిసినవాళ్ళు "ఏమక్కా, సన్నబడాలనా?" అని నవ్వుతారు. ఇంట్లోనే ఏమైనా చేయొచ్చా?
– కడప

సమాధానం: చేయొచ్చు. నల్లమల, పాలకొండల మధ్య గుంటలో ఉన్న ఊరు మీది. ఏప్రిల్, మే నెలల్లో కాగిన రాయి రాత్రంతా వేడి వదులుతూనే ఉంటుంది. పొద్దున ఏడు దాటాక, సాయంత్రం ఆరుకు ముందు నడవమని ఆ నెలల్లో ఎవరికీ చెప్పను. ఐదున్నరకు బయల్దేరి ఆరుకల్లా ఇల్లు చేరగలిగితే నడవండి, లేకపోతే ఇల్లే మేలు.

మోకాలు నొప్పి అని కదలడం మానేసిన కొద్దీ తొడ కండరం సన్నబడుతుంది. భారమంతా కీలు మీద పడుతుంది, నొప్పి ఇంకా పెరుగుతుంది. అందుకే మొదట తొడలకు పని చెప్పాలి. గట్టి కుర్చీలో కూర్చుని, చేతులు ఆనించకుండా లేవండి, మళ్ళీ నిదానంగా కూర్చోండి. పదిసార్లు చేసి కాసేపు ఆగి మళ్ళీ పది. మొదట్లో చేయి ఆనించాల్సి వస్తే ఆనించండి. కూర్చునే ఒక కాలు ముందుకు చాచి ఐదు లెక్కపెట్టేదాకా బిగించి దించండి. లీటరు నీళ్ళ సీసాలు రెండు పట్టుకుని చేతులు పైకెత్తడం, గోడ పట్టుకుని మడమలెత్తి నిలబడడం, ఇవన్నీ కలిపి పావుగంట. వారానికి రెండు మూడు రోజులు ఇవి, మిగతా రోజులు వరండాలోనో మేడ మీదో నడక. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి 150 నిమిషాలు. ఒకేసారి చేయమనలేదు, పూటకు పది నిమిషాలైనా లెక్కలోకి వస్తాయి. మెట్లు, బాసింపట్టు ప్రస్తుతానికి తగ్గించండి.

మోకాళ్ళ అరుగుదల ఉన్నవాళ్ళ మీద అమెరికాలో చేసిన అధ్యయనం 2005లో వచ్చింది. ఒంటి బరువు ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులో మోకాలి మీద పడే భారం నాలుగు కిలోలు తగ్గుతుందని అందులో తేలింది. మీరు ఐదు కిలోలు తగ్గినా అది మీ మోకాలికి ఇరవై.

నవ్వేవాళ్ళ గురించి. వాళ్ళలో కనీసం ఒకామెకు మీలాగే మోకాళ్ళ నొప్పి ఉండి ఉంటుంది. ఆమెను మీతో రమ్మని పిలవండి. ఇద్దరు నడుస్తుంటే ఎవరూ నవ్వరు, నలుగురైతే ఇంకొందరు చేరతారు. కర్నూల్లో తుంగభద్ర ఒడ్డున పొద్దున్నే నడిచే ఆడవాళ్ళ గుంపులను చూస్తుంటాను, ఒంటరిగా వచ్చేవాళ్ళు తక్కువ.

సందేహం: రంజాన్‌లో నెల రోజులు రోజాలు ఉన్నాను. తగ్గుతానని అనుకుంటే రెండు కిలోలు పెరిగాను. ఇదెలా సాధ్యం?
– కర్నూలు పాతబస్తీ

సమాధానం: ఇఫ్తార్ దగ్గర సాధ్యమవుతుందమ్మా. ఖర్జూరాలు, పండ్లతో రోజా విడిచాక సమోసాలు, షర్బతు, ఆపైన హలీం, అర్ధరాత్రి దాకా ఏదో ఒకటి నడుస్తుంది. పగలంతా అలిసి పడుకోవడంతో కదలికా తగ్గుతుంది. వచ్చే ఏడాది రెండు ఖర్జూరాలు, నీళ్ళు, పండ్ల ముక్కలతో విడిచి, నమాజు తర్వాత మామూలు భోజనం చేయండి. వేయించినవి వారానికి ఒక రోజు చాలు. సహరీలో గుడ్డు, పప్పు, జొన్న రొట్టె ఉంటే పగలు ఆకలి తక్కువ. షుగర్ మందులు వాడేవాళ్ళు ఉపవాసాలకు ముందే డాక్టరును కలిసి మోతాదు సరిచేయించుకోవాలి.

సందేహం: షుగర్‌కు గ్లిమిపిరైడ్, డాపాగ్లిఫ్లోజిన్ మాత్రలు వాడుతున్నాను. మిత్రులు చెబితే అన్నం, రొట్టె మానేసి కొబ్బరినూనె తాగే వీరమాచనేని గారి డైటు మొదలుపెట్టాను. వారంలో నాలుగు కిలోలు తగ్గాను. కళ్ళు తిరుగుతున్నాయి, వాంతి వచ్చేలా ఉంది. కొనసాగించవచ్చా?
– నంద్యాల

సమాధానం: ఇది పత్రికలో వచ్చేదాకా ఆగకూడదని వెంటనే విడిగా రాశాను. మీలాంటి వాళ్ళు ఇంకా ఉంటారు కాబట్టి ఇక్కడా రాస్తున్నాను. అన్నం, రొట్టె పూర్తిగా మానేసి గ్లిమిపిరైడ్ వేసుకుంటే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు వాడుతూ పిండిపదార్థాలు మానేస్తే రక్తంలో కీటోన్లు పెరిగి ఆమ్లం చేరవచ్చు. అది ప్రాణాంతకం. మామూలు మీటరులో షుగర్ బాగానే కనిపిస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. వాంతులు, ఆయాసం, కడుపునొప్పి ఉంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. మందులు వాడేవాళ్ళు ఏ డైటయినా డాక్టరుతో మాట్లాడి, మోతాదు మార్చుకున్నాకే మొదలుపెట్టాలి.

ఆ మొదటి వారం నాలుగు కిలోల సంగతి. కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉన్న పిండిపదార్థం కరిగినప్పుడు, ఒక్కో గ్రాముతో పాటు సుమారు మూడు గ్రాముల నీరు పోతుంది. మీరు చూసింది చాలావరకు ఆ నీరే. 2017, 18 ప్రాంతంలో ఈ పద్ధతి తెలుగు ఊళ్ళన్నిటా మారుమోగింది. కొబ్బరినూనె కొనని ఇల్లు లేదు. తగ్గినవాళ్ళు నిజంగానే ఉన్నారు, అది కాదనను. అన్నం మానేస్తే, దాంతోపాటు తీపి, వేపుళ్ళు, సాయంత్రపు చిరుతిళ్ళు కూడా పోతాయి, తగ్గక ఏమవుతారు? 2018లో అమెరికాలో 609 మంది మీద జరిగిన ప్రయోగంలో ఏడాదిపాటు కొందరు పిండిపదార్థాలు, కొందరు కొవ్వు తగ్గించారు. చివరికి ఒక జట్టు ఆరు కిలోలు, ఇంకో జట్టు ఐదు కిలోల పైచిలుకు తగ్గింది, చెప్పుకోదగ్గ తేడా లేదు. మీరు పదేళ్ళ తర్వాత కూడా తినగలిగే తిండి ఏదో అదే మీ డైటు. సంగటి, పప్పు, ఆకుకూర పుట్టిన ఇంట్లో రోజూ కొబ్బరినూనె తాగడం ఎన్నాళ్ళు సాగుతుంది?

సందేహం: ఉలవలు తింటే కొవ్వు కరుగుతుందంటారు. నిజమేనా?
– జమ్మలమడుగు

సమాధానం: ఏ గింజా కొవ్వును కరిగించదు. ఉలవల్లో వందకు 22 గ్రాముల మాంసకృత్తులు, మంచి పీచు ఉన్నాయి, కడుపు నిండుగా ఉంచుతాయి. ఉడికించి గుగ్గిళ్ళుగా సాయంత్రం పూట తినండి. ఉలవచారులో వెన్న వేసుకుని అన్నం రెండింతలు తినడం బరువు తగ్గే దారి కాదు.

సందేహం: మా అమ్మాయికి 24 ఏళ్ళు, బరువు 83. నాలుగు నెలల్లో పెళ్ళి. ఇప్పుడు కొత్తగా వచ్చిన ఇంజెక్షన్ వేయిస్తే ఇరవై కిలోలు తగ్గుతుందని మావాళ్ళు చెబుతున్నారు. ఎక్కడ దొరుకుతుంది, ఎంతవుతుంది, తెలుపగలరు.
– ఒక తండ్రి, కడప

సమాధానం: మీరడిగేది మౌంజారో, వెగోవీల గురించి. మొదటిది మన దేశంలోకి 2025 మార్చిలో, రెండోది అదే ఏడాది జూన్‌లో వచ్చాయి. ఇవి బూటకపు మందులు కావు. ఆకలి బాగా తగ్గిస్తాయి, బరువు నిజంగానే తగ్గుతుంది. స్థూలకాయంతో పాటు షుగర్, గుండె జబ్బు ఉన్నవాళ్ళకు కొందరికి నేనే రాస్తున్నాను. కానీ మోతాదును నెలనెలా కొంచెం కొంచెంగా పెంచాలి. నాలుగు నెలలు గడిచేసరికి చాలామంది ఇంకా పూర్తి మోతాదుకు చేరి ఉండరు. వికారం, వాంతులు, మలబద్ధకం మామూలు. పెళ్ళిపనుల మధ్య ఆ అమ్మాయి వాంతులతో పడుకోవడం మీకు ఇష్టమా? వెగోవీలోని మందు మీద జరిగిన ప్రయోగాల్లో, మానేసిన ఏడాదికి తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చేసింది.

మీవాళ్ళెవరూ మీకు చెప్పని విషయం ఇంకొకటి ఉంది. గర్భం దాల్చే ఆలోచన ఉన్నవాళ్ళు ఈ మందులు వాడకూడదు. వెగోవీ అయితే కనీసం రెండు నెలల ముందే ఆపేయాలి. పెళ్ళయిన మూడో నెల నుంచే "విశేషమేమైనా ఉందా" అని అడిగే ఇళ్ళు మనవి. మందు మొదలుపెట్టే ముందు ఈ మాట తేల్చుకోకపోతే చిక్కే.

నాలుగు నెలల్లో ఆరేడు కిలోలు తగ్గడం మామూలు తిండితో, రోజూ ముప్పావు గంట నడక, కాస్త బరువుల వ్యాయామంతో అయ్యే పనే. నెలసరి సరిగా రాకపోవడం, మొటిమలు, గడ్డం మీద వెంట్రుకలు ఉంటే పీసీఓడీ ఉందేమో చూడాలి, థైరాయిడ్ కూడా. రెండు పరీక్షలూ కడపలోనే చేయించవచ్చు. పస్తులుంచి, కూరగాయల రసాలు తాగించి పెళ్ళిపీటల మీద కళ్ళు తిరిగి పడిపోయేలా చేయకండి. ఎక్కడ దొరుకుతుంది, ఎంతవుతుంది అన్నవాటికి ఇప్పుడు జవాబివ్వను. అమ్మాయిని తీసుకుని రండి, ముందు ఆమెతో మాట్లాడాలి. మీరు రాసిన రెండు పేజీల ఉత్తరంలో ఆమె ఏం కోరుకుంటోందో ఒక్క వాక్యం కూడా లేదు.